ఈశాన్యం మూల స్పీకరు

రైలు మా అమ్మాయి ఇంటి హాల్లోకి వచ్చేసిన రోజున నేను రెండు కాళ్ళూ కుర్చీ మీదికి లాగేసుకుని "రామ రామ!" అని కేక పెట్టాను. ఒళ్ళోని చిక్కుడుకాయల పళ్ళెం బోర్లా పడింది. రైలు మాత్రం ఆగలేదు. కుడివైపు వాకిలి దగ్గర కూత పెట్టి, నా మోకాళ్ళ ముందునుంచి ధడధడా దాటి, ఎడమవైపు గోడలోకి దూరి మాయమైపోయింది.

టెక్సాసులో, ఇర్వింగ్ ఊళ్ళో, పట్టపగలు.

మేడ మీదనుంచి మా మనవరాలు ఇంద్రజ పరుగెత్తుకొచ్చింది. రైలూ లేదు, ఏమీ లేదు. కార్పెట్ నిండా చిక్కుళ్ళు, కుర్చీలో ముడుచుకున్న నేను, టీవీ పక్కన రిమోటు పట్టుకుని బిక్కచచ్చి నిలబడ్డ ఒక బక్కపలచని కుర్రాడు.

"హలో! ఎవరు నువ్వు? మా అమ్మమ్మని ఎందుకు స్కేర్ చేస్తున్నావు?"

"స్కేర్ కాదండీ, డెమో."

"అమ్మమ్మ హార్ట్‌కి ఏమైనా అయితే?"

"ఏమీ కాదండీ. బేస్ చాలా తక్కువ పెట్టాను."

దాంతో దానికి ఇంకా ఒళ్ళు మండింది.

ఆ కుర్రాడి పేరు భీమశంకర్. పేరు పెట్టిన తాతగారు ఎంత విగ్రహాన్ని ఊహించుకున్నారో గానీ, గట్టిగా గాలి వీస్తే స్తంభం పట్టుకుని నిలబడాల్సిన మనిషి. ఆ ఊళ్ళోనే లాస్ కొలీనాస్ పేటలో కంప్యూటరు ఉద్యోగం. సెలవు రోజుల్లో తెలిసినవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి స్పీకర్లు అమర్చిపెడతాడు. డబ్బు పుచ్చుకోడు, భోజనం పెడితే చాలు. ఇక్కడి పెళ్ళికాని కుర్రాళ్ళకి అదొక రివాజు. ఒకడు కారు బ్యాటరీ మారుస్తాడు, ఒకడు టాక్స్ కాగితాలు నింపుతాడు, కూలి మాత్రం అందరికీ పప్పూ ఆవకాయే. మా అల్లుడుగారు విశ్వనాథ్ ఇతన్ని పిలిచి, తాను ఏదో పనిమీద బయటికి వెళ్ళారు. నేను దొరికాను.

"రైలేది బాబూ?" అని అడిగాను కాళ్ళు దించుతూ.

"లేదమ్మమ్మగారూ. ఈ రెండు పెట్టెలూ ఉన్నచోటే ఉన్నాయి కదా. ముందు కుడిదాన్లో శబ్దం ఎక్కువ, ఎడమదాన్లో తక్కువ. మెల్లగా దీన్ని తగ్గించి, దాన్ని పెంచుతాం. మన చెవులు రెండూ కూడబలుక్కుని, శబ్దమే నడిచిందని అనుకుంటాయి. రెండూ సమానంగా ఉంటే సరిగ్గా మధ్యలో ఉందనుకుంటాయి. అక్కడేమీ ఉండదు."

"ఓస్, ఇద్దరు తోడికోడళ్ళు గంగాళం మోసినట్టన్నమాట," అన్నాను. నేనూ, మా తోడికోడలు కనకదుర్గా నీళ్ళ గంగాళం చెరోవైపు పట్టుకుని మోసేవాళ్ళం. ఇద్దరం సమంగా పడితే మధ్యలో నిలిచేది. అది ఒక్క పిసరు సడలించిందా, బరువంతా నా వైపు వచ్చేది. అది సడలించని రోజు లేదనుకోండి, ఆ కథ ఇప్పుడు వద్దు.

"అంతే అమ్మమ్మగారూ. కాకపోతే ఇక్కడ గంగాళం కూడా లేదు," అన్నాడు భీమశంకర్.

తర్వాత ఒక నైలాన్ తాడు తీశాడు. ఆ రెండు పెట్టెలూ, నా కుర్చీ, మూడూ ఒకదానికొకటి సమాన దూరంలో ఉండాలిట. తాడుతో కొలిచి, పెట్టెల కింద కార్పెట్ మీద నీలం టేపు అంటించాడు. ఈ కుర్చీలో కూర్చుంటేనే శబ్దం ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతుందిట. ఒక పెట్టె దగ్గరకొచ్చిందా, మొత్తం దానిలోంచే వస్తున్నట్టు ఉంటుందిట.

"సో, ఇంటికి ఒక్కరికే రైలు. మిగతావాళ్ళు బస్సులో వెళ్ళాలా?" అంది ఇంద్రజ.

కుర్రాడు నవ్వాడు. ఇది నవ్వలేదు. నవ్వకూడదని పళ్ళు బిగించడం నేను చూశాను.

ఇద్దరూ చిక్కుళ్ళు ఏరడానికి ఒకేసారి వంగారు. తలలు ఠంగున తగిలాయి.

"ఇంకోసారి తగిలించుకోండి!" అన్నాను. "ఒక్కసారి తగిలితే కొమ్ములు మొలుస్తాయి."

"వాట్?" అంది ఇంద్రజ.

"నిజమేనండీ," అన్నాడు ఆ కంప్యూటరు ఇంజనీరు, చాలా భక్తిగా తల వంచి.

అది నన్ను చూసింది, అతన్ని చూసింది. నుదురు ముందుకు తెచ్చి, కోడిపెట్ట గింజని పొడిచినట్టు ఒక్కటి పొడిచి మేడెక్కేసింది.

అయితే ఈ రైలుకి అసలు గండం మా అల్లుడుగారి రూపంలో వచ్చింది. ఆయనకి వాస్తు పిచ్చి. ఎడమ పెట్టె సరిగ్గా ఈశాన్యం మూలకి పడింది.

"ఈశాన్యంలో బరువా!" అన్నారు మా అమ్మాయి నళినితో, గొంతు తగ్గించి. కుర్రాడి ముందు అనడానికి నామోషీ. ఇంజనీరింగ్ చదివినవాడు వాస్తు అంటే నవ్వుతాడేమోనని. అతను కారెక్కగానే, ఆ పెట్టెని ఉత్తరపు గోడ వెంబడి ఒక మూరెడు ముందుకి, తాను వెనక్కి వాలి కూర్చునే రిక్లైనర్ పక్కకి, బరబరా లాగేశారు.

మర్నాటి నుంచీ రైలు నా ముందునుంచి దాటడం మానేసి నేరుగా వెళ్ళి అల్లుడుగారి రిక్లైనర్‌లో కూర్చోవడం మొదలుపెట్టింది.

ఇంద్రజ ఫోన్ చేసింది. "నీ రైలు పట్టాలు తప్పింది. వచ్చి తీసుకెళ్ళు."

శనివారం భీమశంకర్ వచ్చాడు, తాడుతో కొలిచాడు, పెట్టెని టేపు మీదికి జరిపాడు, అన్నం తిన్నాడు, వెళ్ళాడు. అల్లుడుగారు మళ్ళీ లాగారు. మళ్ళీ ఫోను, మళ్ళీ శనివారం, మళ్ళీ పప్పు. "కార్పెట్ ఏమైనా జారుతోందా?" అని ఆ పిచ్చి తండ్రి నేల తట్టి చూసేవాడు.

కొన్నాళ్ళకి గుడిలో పంతులుగారు, మూలలో రాగి చెంబుతో నీళ్ళు పెడితే దోషం పోతుందని చెప్పారు. అల్లుడుగారు చెంబు పెట్టి, "ఇంక ఆ స్పీకరు జోలికి పోను," అని నళినితో అన్నారు. అమ్మయ్య, రైలుకి మంచి రోజులొచ్చాయనుకున్నాను.

రాలేదు. శనివారం వచ్చేసరికి పెట్టె మళ్ళీ జరిగి ఉండేది. ఇంకో వింత, శుక్రవారం సాయంత్రం అల్లుడూ కూతురూ గుడికి వెళ్ళినప్పుడు, నా గదిలోకి హాల్లోంచి బరబరమని చప్పుడు వినపడేది. ఆయన గుడిలో ఉంటే ఇక్కడ లాగుతున్నది ఎవరబ్బా అనుకుని, మళ్ళీ జపమాల తిప్పుకునేదాన్ని. పెద్దవాళ్ళకి అన్నీ వినపడకపోవడమే మంచిది.

ఒక శనివారం ఉరుములతో వాన పట్టుకుంది. టెక్సాసు వానకి తుంపర అనేది తెలియదు, వస్తూనే బిందెలతో పోస్తుంది. భీమశంకర్ తాడు రెండో కొస ఇంద్రజ చేతికిచ్చాడు. ఇంటి మీద ఒక ఉరుము ఈ చివరినుంచి ఆ చివరికి దొర్లుకుంటూ పోయింది.

"ఇది కూడా నువ్వే ప్లే చేస్తున్నావా?" అంది ఇంద్రజ.

"కాదండీ, ఇది ఒరిజినల్."

"క్వాలిటీ బాగుంది. చూసి నేర్చుకో."

"వాళ్ళ స్పీకర్లు పెద్దవండీ."

"నన్ను అండీ అనకు. మా మామ్‌ని పిలిచినట్టు ఉంది."

"సరేనండీ."

కొలత ఎప్పుడో అయిపోయింది. ఇద్దరిలో ఎవరూ తాడు కొస వదల్లేదు. మధ్యన కుర్చీలో నేను, అటొకసారీ ఇటొకసారీ తల తిప్పుతూ, వెళ్ళిన రైలుకోసం చూస్తున్నట్టు నటించాను.

అంతలో కాలిఫోర్నియాలోని డబ్లిన్ నుంచి ఒక సంబంధం వచ్చింది. మంచి కుటుంబం, మంచి ఉద్యోగం. అబ్బాయీ తల్లిదండ్రులూ ఆదివారం విమానంలో పెళ్ళిచూపులకి వస్తామన్నారు. అల్లుడుగారికి నచ్చితే ఆదివారమే తాంబూలాలు పుచ్చేసుకునేట్టున్నారు.

పెరట్లో ఇంద్రజని పట్టుకున్నాను. "నీకిష్టమేనా?"

"ఫోన్‌లో బాగానే మాట్లాడాడు. హీ ఈజ్ ఫైన్."

"ఫైన్ అంటే?"

"ఫైన్ అంటే ఏమీ లేదు అమ్మమ్మా." గడ్డి పీకుతూ కూర్చుంది. "డాడీ 'ఎందుకు వద్దు' అని అడిగితే ఏం చెప్పను? స్పీకర్ అబ్బాయి నన్ను అండీ అంటున్నాడని చెప్పనా? అతను ఏమీ అడగలేదు. అడగకపోతే నా దగ్గర రీజన్ లేదు."

ఆ మధ్యాహ్నమే భీమశంకర్‌కి ఫోన్ చేశాను. "ఏం నాయనా, నీ పెట్టెల చేత రైళ్ళు నడిపిస్తావు, నీ నోరు మాత్రం కదలదా? ఆదివారం పెళ్ళిచూపులకి డబ్లిన్ వాళ్ళొస్తున్నారు."

"ఎదురుగా నిలబడితే నాకు మాట రాదమ్మమ్మగారూ," అన్నాడు. "శనివారం ఒక సీడీ తెస్తాను. ఇంద్రజగారు ఆ కుర్చీలో కూర్చుంటే చాలు."

శనివారం వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో సీడీ, మొహంలో నెత్తురు చుక్క లేదు. వంటింట్లో నళిని పెళ్ళిచూపుల వాళ్ళకోసం సున్నుండలు చుడుతోంది. అల్లుడుగారు పూలూ పళ్ళూ తేవడానికి బజారుకి వెళ్ళారు. ఇంద్రజని కుర్చీలో కూర్చోబెట్టాను. భీమశంకర్ పెట్టె వంక చూశాడు. టేపు మీదే ఉంది. ఆ కంగారులో తాడు తీయలేదు.

సీడీ లోపల పెట్టాడో లేదో, అల్లుడుగారు వచ్చేశారు. సంచులు దించి, రిక్లైనర్‌లో వాలి, కాళ్ళు చాపుకున్నారు.

"కొత్త సీడీయా? కానీవోయ్, విందాం."

"ఇది ఫైనల్ కాదంకుల్. టెస్టింగ్."

"టెస్టింగే విందాం," అంటూ బల్ల మీది రిమోటు తీసి ఆయనే నొక్కేశారు.

కుడివైపు వాకిలి దగ్గర తలుపు తెరిచిన చప్పుడైంది. తర్వాత అడుగులు. అచ్చంగా మనిషి లోపలికి నడిచి వచ్చినట్టే.

"నాకు ఎదురుగా చెప్పడం రాదు," అంది భీమశంకర్ గొంతు, నడుస్తూ. "అందుకే ఇలా వస్తున్నాను."

ఇంద్రజ నిటారుగా కూర్చుంది. గొంతు దగ్గరకొస్తోంది. ఇంకొక్క అడుగు, దాని ఎదురుగా ఆగాలి. ఆగలేదు! దాని ముక్కు ముందునుంచి చక్కగా దాటుకుని వెళ్ళి, రిక్లైనర్ దగ్గర, మా అల్లుడుగారి చెవి పక్కన నిలబడింది.

"మొదటిరోజు తల తగిలినప్పటినుంచీ నువ్వంటే నాకిష్టం," అంది ఎంతో ప్రేమగా. "నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

అల్లుడుగారు రిక్లైనర్ మడిచి లేచి కూర్చున్నారు.

"నన్నా?"

"ఎవరండీ అది, పెళ్ళంటున్నారు?" అని వంటింట్లోంచి నళిని.

"నన్నేనే!"

"కాదంకుల్!" భీమశంకర్ అరిచాడు. "అది ఇంద్రజ ముందు ఆగాలి! స్పీకరు ఎవరో జరిపారు!" అనేశాక రెండు చేతులతోనూ నోరు మూసుకున్నాడు.

నళిని పిండి చేతులతో గుమ్మంలోకొచ్చింది. అల్లుడుగారికి ఏ విషయానికి ముందు కోపం తెచ్చుకోవాలో తెలియలేదు.

"పెళ్ళి మాట తర్వాత. జరిపానని నా మీదకి తోస్తావేం? మొదట్లో జరిపాను, కాదనను. ఈశాన్యంలో బరువుండకూడదు, అదీ శాస్త్రమే. చెంబు పెట్టాక మాత్రం దాన్ని వేలితో ముట్టుకుంటే ఒట్టు!"

భీమశంకర్ గబగబా తాడు తీసి కొలిచాడు. "టేపు కూడా జరిగింది అంకుల్."

అల్లుడుగారు నళినిని చూశారు. అది పిండి చేతులు చూపించింది. నన్ను చూశారు. "నా మోకాళ్ళతో నేను జరగడమే కష్టం బాబూ," అన్నాను. అప్పుడు అందరం కుర్చీ వైపు తిరిగాం.

ఇంద్రజ మొహం మందార పువ్వులా ఎర్రగా ఉంది.

"నేనే. ఎవ్రీ ఫ్రైడే. ఈసారి టేప్ కూడా నేనే."

"ఎందుకమ్మా?" అన్నారు అల్లుడుగారు.

"అది సరిగ్గా ఉంటే అతను రాడు కదా, డాడీ."

భీమశంకర్ చేతిలోంచి తాడు జారిపోయింది. శనివారం వెంట శనివారం తాను కొలిచిన కొలతలన్నీ అతని కళ్ళముందు ఒక్కొక్కటే తిరుగుతున్నట్టు, నోరు తెరుచుకుని దాన్నే చూస్తున్నాడు.

"రేపు పొద్దున్న వాళ్ళు విమానం ఎక్కుతున్నారు!" అల్లుడుగారు లేచి అటూ ఇటూ తిరిగారు. "నేనేమని చెప్పను? మా అమ్మాయి స్పీకరు జరుపుతోందని చెప్పనా?"

"అదే చెప్పండి," అన్నాను. "వాళ్ళొచ్చి సున్నుండలు తిన్నాక చెప్పేకంటే, టిక్కెట్టు వెనక్కిచ్చుకునే వేళకే చెప్పడం మర్యాద. ఆ డబ్లిన్ పిల్లవాణ్ణి ఎందుకు కూర్చోబెట్టి అవమానించడం?"

ఆయన కూతురి ఎదురుగా వచ్చి నిలబడ్డారు. కోపం తగ్గి, ఆయన మొహంలో భయం కనిపించింది. పిల్ల ఎక్కడ కష్టపడుతుందోనన్న తండ్రి భయం.

"నిజంగానేనా, ఇందూ? ఈ అబ్బాయేనా?"

"నాకు తెలీదు డాడీ. అతను ఇంకా నన్ను అడగలేదు. నిన్ను అడిగాడు."

నళినికి నవ్వాగలేదు. ఇంద్రజ మాత్రం నవ్వకుండా భీమశంకర్ వైపు తిరిగింది.

"వెళ్ళు. డోర్ దగ్గర్నుంచి రా. స్పీకర్లు లేకుండా."

పాపం వెళ్ళాడు. వాకిలి దగ్గర నిలబడి ఊపిరి పీల్చుకున్నాడు. కార్పెట్ మీద అతని అడుగులకి చప్పుడే లేదు. మా అందరి కళ్ళూ కుడినుంచి మధ్యకి అతనితో పాటే నడిచాయి. కుర్చీ ఎదురుగా వచ్చి, ఈసారి సరిగ్గా ఆగాడు. పెదాలు కదిలాయి. దోమ గొంతంత గొంతు వచ్చింది.

"వినపడలేదు," అన్నారు అల్లుడుగారు, ఎటో చూస్తూ. "వాల్యూమ్ పెంచు."

భీమశంకర్ పెంచాడు. ఎంత పెంచాడంటే, పక్కింటి కుక్క మొరిగింది. ఇంద్రజ లేచి రెండు చేతులతోనూ మొహం కప్పుకుని, ఇంగ్లీషులో ఏదో అంటూ, ఏడుస్తూ నవ్వుతూ అతని ఇస్త్రీ చొక్కా భుజానికి తల ఆనించేసింది. నళిని పిండి చేతులతోనే ఇద్దర్నీ పట్టుకుంది. నేను నా వంతుకి ఏదో శ్లోకం అందుకున్నాను, పాతికేళ్ళుగా మరిచిపోయింది ఆ క్షణాన గుర్తొచ్చింది.

ఇంత గోల మధ్య, మా అల్లుడుగారు గోడవైపు తిరిగి, ఫోను చెవికి ఆనించుకుని, చెయ్యి వెనక్కి ఊపుతున్నారు.

"ష్! ఒక్క నిమిషం ఆపండర్రా. డబ్లిన్‌లో రింగవుతోంది."