అంకె దించే బిళ్ళ

"అరచెయ్యి ఆనించండి," అంది దాలమ్మ. ఆ పొద్దున అలా అనడం ఎన్నోసారో ఆమెకే గుర్తులేదు. పలక మీద చెయ్యి పెట్టిన ముసలాయన మోకాళ్ల బాధంతా నొప్పంకెగా మారి పైన వెలిగింది. నాలుగు. మూడు దాటితే సముద్రంలోకి దించే దిగుడుపెట్టె రానివ్వదు. సొరుగులోంచి తెల్లబిళ్ళ తీసి ఇచ్చింది. ఆయన కాసేపు బల్ల మీద కూర్చుని మళ్లీ చెయ్యి పెడితే రెండు. మోకాళ్లు అరిగినవి అరిగినట్టే ఉన్నాయి, అంకె మాత్రం బుద్ధిగా దిగింది.

ఈ రేవులో దాన్ని అంకె దించుకోవడం అంటారు. చీటీ అక్కర్లేదు, డాక్టరు అక్కర్లేదు, దాలమ్మ కూర్చునే ఈ ఊరటగూడులో ఎవరడిగినా బిళ్ళ ఇస్తారు. ఏ నొప్పీ లేనివాళ్లు కూడా ఎందుకైనా మంచిదని ఒకటి వేసుకుని మరీ వస్తారు. సముద్రం అడుగున లోతూరు ఉంది, అక్కడి నాచుతోటలే పైవాళ్ల తిండి. అక్కడ పనికి దిగినవాడు ఒప్పందం తీరేదాకా పైకి రాకూడదు. ఇంటివాళ్లు మాత్రం తమ వంతు వచ్చినప్పుడు ఒక్క పూట దిగి చూసి రావచ్చు.

దాలమ్మ మొగుడు పోలినాయుడు అక్కడ ఊరికి గాలి అందించే గాలిపంపు మనిషి. ఇవాళ ఆమె వంతు.

రోజూ మాటతీగలో అతని గొంతు వింటూనే ఉంది. గొంతుకి చేతులుండవు కదా. తింటూ తింటూ తన ముక్క తీసి ఆమె కంచంలోకి తోసేసే అలవాటు అతనిది. ఏడాదిపైగా దాలమ్మ ఒక్కతే తింటోంది. అతన్ని చూడాలని ఆమెకి ఎంతుందంటే, మొన్నటి నుంచి కడుపులో తిప్పుతున్నది కూడా ఆ ఆరాటమే అనుకుంది మొదట.

ఆరాటం వీపులోకి పొడవదు. పైకడుపులో మొదలై వెన్నుదాకా పోతోంది నొప్పి. తింటే ఎక్కువవుతోంది, ముందుకి వంగితే కాస్త నయం. నిన్న గూడులో ఎవరూ లేనప్పుడు తన చెయ్యి తనే ఆనించుకుంది. ఎనిమిది. కింద అక్షరాలు వచ్చాయి: క్లోమం వాచింది, ఏమీ తినకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఆసుపత్రికి వెళ్తే వంతు పోతుంది. మళ్లీ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. దాలమ్మ బిళ్ళ వేసుకుంది, దాని వెనకే ఇంకోటి. అంకె మూడుకి దిగగానే పలక తన మాట తానే తుడిచేసుకుంది. నొప్పి లేకపోతే జబ్బు లేనట్టేనని దానికి నేర్పిన మహానుభావులెవరో గానీ, వాళ్లకి ఎప్పుడూ కడుపునొప్పి వచ్చి ఉండదు.

గూడులో ఆమె బదులు కూర్చోవడానికి ఎర్నమ్మ వచ్చింది.

"ఏటమ్మీ, మొకం అలా పీక్కుపోనాది?"

"ఉక్కబోత పిన్నీ," అంటూ దాలమ్మ ఇంకో బిళ్ళ నోట్లో వేసుకుని దిగుడుపెట్టె వైపు నడిచింది.

తలుపు దగ్గర పలక రెండు చూపించింది. ఇక మిగిలింది ఒకటే. కిందనున్నవాడు "రా" అనాలి, అప్పుడే తలుపు తెరుచుకుంటుంది. దిగినవాళ్లకి తమ మనిషి కనబడక గొడవలైన రోజుల్లో పెట్టిన నిబంధన అది. ఇప్పుడదొక ముచ్చట. కొందరు పాట పాడి మరీ పిలుస్తారు.

"మావా, ఒచ్చీసినాను," అంది తలుపు మాటతీగలో.

"ఒచ్చీసినావా!" అన్నాడు పోలినాయుడు. నవ్వు వినబడింది. "పొద్దున్న ఏటి తిన్నావే?"

"ఏటీ... తిన్నేదు."

నవ్వు ఆగిపోయింది. గాలిపంపు మనిషి పనంతా చెవులతోనే. ఏ పంపు ఊపిరి సగంలో ఆగుతోందో చీకట్లో విని పట్టుకోవాలి.

"ఊపిరి తెగిపోతంది నీకు. ఎక్కడే నొప్పి?"

"నొప్పేటి? అంకె రెండే."

"నానంకె అడగనేదు. వంగుని నిలబడినావా?"

నిజంగానే వంగి ఉంది. గభాల్న నిటారుగా నిలబడబోయి మూలిగింది. ఆ తర్వాత అబద్ధమాడడానికి ఆమెకి ఓపిక చాల్లేదు.

"క్లోమం వాసిందంట మావా. బిళ్ళలేసుకున్నాను. ఒక్క పూట నిన్ను సూసొచ్చీసి ఆసుపత్రికెల్తాను. రా అను."

లోతూరులో డాక్టరు లేడు. దిగిన పెట్టె సాయంత్రం దాకా పైకి రాదు. అది ఇద్దరికీ తెలుసు.

"అనను," అన్నాడు పోలినాయుడు.

"మావా..."

"నాకు మాత్తరం నిన్ను సూడాలని నేదా? తానం సేసి, తలకి నూనె రాసుకుని తెల్లారగట్ల నుంచి ఈ తలుపు కాడే నించున్నాను. అయినా అనను."

పిలుపు అందలేదని, మళ్లీ చెప్పమని తలుపు అడిగింది. అతను అననంటే అననన్నాడు. సందర్శకురాలి అంకె రెండు, నిరాకరణకి కారణం లేదని తేల్చి, అతన్ని పంపు దగ్గరికి వెళ్లమంది.

"ఆసుపత్రి పడవ ఒచ్చి దాన్ని ఎక్కించుకోవాల. అప్పుడుగాని పంపు ముట్టను."

రెండంకెకి పడవ రాదని నిబంధన. పంపు ఆపిన మనిషికి నిబంధనే లేదు. కాసేపటికోసారి మనిషి చెయ్యి పడకపోతే పంపు ఆగిపోతుంది. లోతూరు నిల్వగాలి మీదికి మారింది, దిగుడుపెట్టెలన్నీ మూసుకున్నాయి, వెనక వరసలో గోల మొదలైంది. తలుపు తనకి తెలిసిన ఆదేశాలన్నీ ఒకదాని తర్వాత ఒకటి చదివింది. అన్నీ అయిపోయాక దాలమ్మని, ఈ రేవులో ఎవర్నీ ఎన్నడూ అడగని మాట అడిగింది.

"మీకు ఎలా ఉంది?"

దాలమ్మ తలుపుకి నుదురు ఆనించింది. కింద అతను వింటున్నాడు.

"బాగోలేదు," అంది. "అస్సలు బాగోలేదు."

ఆ మాటకే పడవ వచ్చింది. ఎర్నమ్మ పట్టుకుని ఎక్కించింది. పడవలోని మాటతీగ లోతూరుకి తెరిచే ఉంది, పడవ కూత అందులోంచి కిందికి వెళ్లింది. ఇక పంపు చప్పుడు రావాలి. దాలమ్మ చెవులు రిక్కించి వింది. ఎంతకీ రాలేదు. పడవ కదిలిన చాలాసేపటికి, ఒకసారి మొదలై ఆగి, మళ్లీ మొదలైంది. చేతులు వణుకుతుంటే పంపు అలాగే తడబడుతుందని అతనే ఒకప్పుడు చెప్పాడు. అతను ఏడుస్తున్నాడని దాలమ్మకి తెలిసిపోయింది.