వెనక తొట్టిలో బరువు

ఆగస్టు రెండో వారం, మా దేశంలో చలికాలం చివర. కింద బుతా-బుతే పట్నంలో పీచ్ చెట్లు అప్పుడే పూతకొచ్చాయి. చలి వెనకపట్టు పట్టిందని అందరం అనుకుంటున్న రోజులు. మొహాపి మామయ్య కంట్లో పొర వచ్చిందంటే, పొద్దున్నే కొండ మీంచి దించి డాక్టరుకి చూపించాను. ఆయన మా అమ్మ తమ్ముడు. అత్తయ్య పోయి ఆరేళ్ళయింది. పిల్లలు లేరు. కనుమ అవతల రాతి ఇంట్లో ఒక్కడే ఉంటాడు. చూపు తగ్గాక ఆయన పికప్ బండి తాళం నా చేతికి వచ్చింది. ఆయన పక్క సీట్లోకి మారాడు గానీ, ఆయన నోరు మాత్రం డ్రైవరు సీట్లోనే ఉండిపోయింది.

"తొట్టిలో నాలుగు ఇసుక బస్తాలు వేయించవే లిఖాబీ," అన్నాడు తిరిగి బయల్దేరేముందు. "వెనక బరువు లేకపోతే చక్రం మంచుని పట్టుకోదు."

"ఎండ మాడ్చేస్తోంది. మంచు ఎక్కడుంది మామయ్యా?"

"కనుమలో మబ్బు నిన్ను అడిగి పడుతుందా?"

"ఎదురుగా ఉన్న మనిషి కనబడడు గానీ, లేని మబ్బులు మాత్రం నీకు బాగా కనబడతాయి."

నవ్వాడు. కాగితం పొట్లంలో పిండి వేపుళ్ళు ఒళ్ళో పెట్టుకుని, ఒక్కొక్కటే తింటూ కూర్చున్నాడు. నేను ఇసుక వేయించలేదు.

సగం కనుమ ఎక్కేదాకా ఎండే. ఐదో మెలిక తిరిగామో లేదో, శిఖరం మీంచి మబ్బు పాలు పొంగినట్టు పొంగి రోడ్డు మీదికి దిగింది. చూస్తుండగానే కొండ పోయింది, లోయ పోయింది, బండి ముందు మూతి కూడా పోయింది. మధ్యాహ్నం మూడు గంటలు. చీకటైతే దీపం వేసుకోవచ్చు. ఆ తెలుపుకి మందు లేదు. లైటు వేస్తే ఇంకా తెల్లబడింది. మంచు చప్పుడు లేకుండా రాలసాగింది. పొద్దుటినుంచి ఎండకి పాత మంచు కరిగి రోడ్డుకి అడ్డంగా పారిన నీళ్ళు అప్పటికే గడ్డకట్టాయి. పైకి తడి తారులాగే ఉంటుంది. మా వాళ్ళు దాన్ని నల్లమంచు అంటారు.

ఏడో మెలిక దగ్గర వెనక చక్రాలు ఉత్తినే తిరిగాయి. ఇంజను అరిచింది. బండి కదల్లేదు. తర్వాత కదిలింది, వెనక్కి. బ్రేకు మీద నిలబడ్డాను. చేతి బ్రేకు లాగాను. అయినా జారుతూనే ఉంది... జానెడు... ఇంకో జానెడు. తొట్టి లోయ వైపు తిరుగుతోంది. అక్కడ గోడ లేదు, వరసగా సున్నం కొట్టిన రాళ్ళు మాత్రం ఉంటాయి. ఆ రాళ్ళు కూడా కనబడడం లేదు.

మామయ్య తినడం ఆపేశాడు.

అప్పుడు బండి వెనక భాగం కిందికి దిగింది. ఎవరో తొట్టిలోకి ఎక్కినట్టు. మళ్ళీ దిగింది. మళ్ళీ. కమాన్‌పట్టీలు కిర్రుమన్నాయి. చక్రాలు రోడ్డుని పట్టుకున్నాయి.

బండి ముందుకు నడిచింది.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. మా కనుమలో అది మామూలే. బండి జారితే, దారిన పోయే మగవాళ్ళు తొట్టిలోకెక్కి బరువుగా నిలబడతారు. పైకి చేరాక దిగిపోతారు. అద్దం దించి, "మీకు పుణ్యముంటుంది అన్నలూ, గట్టిగా పట్టుకోండి," అని కేకేశాను. లోపలికి తడిసిన ఉన్ని దుప్పట్ల వాసన వచ్చింది, పిడకల పొగ వాసన కలిసి.

"అద్దం ఎక్కించు," అన్నాడు మామయ్య.

"పాపం, సాయం చేస్తున్నారు మామయ్యా."

"ఎక్కించు. వెనక్కి చూడకు."

చూశాను. వెనక కిటికీలోంచి తొట్టి మొత్తం కనబడుతోంది. మంచు పరుచుకుని ఉంది, దుప్పటి పరిచినట్టు, ఒక్క మడత లేకుండా. మనుషులు లేరు. అడుగులు లేవు.

ఎనిమిదో మెలిక. బండి బరువుగా, నింపాదిగా ఎక్కుతోంది. నా నెత్తి మీద, బండి కప్పు మీద, రెండు దెబ్బలు పడ్డాయి.

టక్. టక్.

ఇక్కడ దిగుతాం, ఆపమని.

"ఆపకు," గుసగుసగా అన్నాడు మామయ్య.

"ఎవరు వాళ్ళు?"

మళ్ళీ రెండు దెబ్బలు.

"మామయ్యా. ఎవరు?"

"పోయిన ఏడాది చలికాలం..." ఒళ్ళోని పొట్లం నలిపాడు. "ఇక్కడే జారాను. దారిలో ముగ్గురు కనబడితే బరువుకి ఎక్కమన్నాను. పైన దింపుతానన్నాను. ఈ మెలిక దగ్గరే కప్పు కొట్టారు. చలికి చేతులు పట్టు తప్పుతున్నాయేమో. ఆపితే మళ్ళీ ఎక్కదని భయపడ్డాను. ఆపలేదు. కొడుతూనే ఉన్నారు... తర్వాత మెలికలో తొట్టి ఊగింది. ఒక్కసారిగా బండి తేలికైపోయింది."

"దిగి చూశావా?"

"లేదు."

"ఎవరికైనా చెప్పావా?"

"ఇప్పుడే. నీకు."

ఆయన మీద కోపం రావలసింది. రాలేదు. భయంలో కోపానికి చోటు ఉండదని అప్పుడే తెలిసింది. కప్పు మీద దెబ్బలు ఇప్పుడు రెండు కాదు. ఆగకుండా పడుతున్నాయి. రేకు లోపలికి సొట్టలు పడుతోంది. తొమ్మిదో మెలిక ముందుంది. ఆపితే జారతాం. ఆపకపోతే...

ఆపాను.

"పిచ్చిదానా," అన్నాడు మామయ్య, ఏడుస్తూ.

బండి నిలిచింది. జారలేదు. దెబ్బలు ఆగిపోయాయి. మంచు రాలే చప్పుడు కూడా వినిపించేంత నిశ్శబ్దం.

వెనక భాగం కొంచెం లేచింది. ఒకరు దిగారు.

మళ్ళీ లేచింది. ఇంకొకరు.

ఈసారి చాలాసేపు పట్టింది. కాలు కుంటుతూ దిగినట్టు, మెల్లగా. మూడోవాడు.

మామయ్య రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుని, "క్షమించండయ్యా, క్షమించండి," అంటున్నాడు. తెలుపులో ఏదీ కదలలేదు. అద్దం మీది ఆవిరి మాత్రం మెల్లగా విడిపోయింది.

"దిగారు," అన్నాను. "ముగ్గురూ దిగారు మామయ్యా."

ఇక బరువు లేదు, బండి జారుతుందనే అనుకున్నాను. ఫస్టు గేరు వేశాను. చక్రాలు రోడ్డుని పట్టుకున్నాయి. హాయిగా, గట్టిగా. బండి ఎక్కుతోంది. వెనక భాగం ఇంకా కిందికే ఉంది, ఇంకెవరో మిగిలినట్టు.

"మామయ్యా. నిజం చెప్పు. ఎంతమందిని ఎక్కించుకున్నావు?"

"ముగ్గురినే. మీ అమ్మ మీద ఒట్టు."

ఆయన అబద్ధం చెప్పడం లేదు. ఆ ముఖం చూస్తే తెలిసిపోయింది.

శిఖరం దాటాక మబ్బు చిరిగిపోయింది. అవతల వైపు ఎండ. గడ్డి, గొర్రెలు, ఆరిన రోడ్డు. ప్రతి గతుకులోనూ కమాన్‌పట్టీలు కిర్రుమంటూనే ఉన్నాయి. తొట్టిలో మంచు చెక్కుచెదరలేదు.

మామయ్య ఇంటి ముందు బండి ఆపేసరికి ఐదు గంటలై ఉంటుంది. ఇంజను కట్టేశాను. ఆయన ఇంకా సీట్లోనే ఉన్నాడు. వెనక భాగం మెల్లగా లేచింది. ఒక్కసారి.

"మా ఇంటికి పోదాం మామయ్యా," అన్నాను. "ఈ రాత్రికి అక్కడే పడుకో."

ఆయన వినలేదు. వినబడలేదో ఏమో. తలుపు తీసుకుని దిగి, ఎర్రమట్టి వాకిట్లో నడిచి వెళ్ళి, తాళం తీశాడు. గుమ్మం దగ్గర టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. కొంచెం పక్కకి జరిగి, తలుపు పూర్తిగా తెరిచి నిలబడ్డాడు, పెద్దవాళ్ళని ముందు వెళ్ళనిచ్చినట్టు.

అలా కాసేపు నిలబడ్డాడు.

తలుపు మూసుకుంది. లోపల గడియ పడిన చప్పుడు బండిలోకి వినబడింది.

మామయ్య ఇంకా బయటే ఉన్నాడు.