గోడెక్కిన చౌడు

కోడలు తందూరులోంచి రొట్టెలు తీసి టీ పోసేసరికే మత్యోకూబ్ రబ్బరు బూట్లు తొడుక్కున్నాడు. చలికాలం చివర ఖోరెజ్మ్ సీమలో ఎవరికైనా ఒకటే పని, పొలం నిండా నీళ్లు కట్టి చౌడు కడగడం. తూము తియ్యడానికి ఆయన పార భుజాన వేసుకుని బయల్దేరితే, వాకిట్లో కూతురు ఇంతిజార్ నేలలోకి మట్టి బర్మా దించి తడి చూస్తూ కనబడింది. ఆ పిల్ల ఉర్గెంచ్ పట్నంలో కాలువల ఇంజనీరు.

"నాన్నా, మూరెడు లోతులోనే నీళ్లు తగిలాయి. ఇప్పుడు తూము తీశావంటే పొలం నీళ్లు కూడా పోయే దారిలేక గోడలు నాని ఇల్లు కూలుతుంది. ముందు ఇంటెనక చౌడు నీళ్లు పోయే మురుగు కాలువ మళ్లీ తవ్వాలి."

"దాని ఊసెత్తకు!"

ఎత్తకూడదు, నిజమే. నాలుగేళ్ల కిందట ఆ ఉప్పునీళ్ల కాలువలోనే జారిపడి ఇంతిజార్ తల్లి పోయింది. నలభయ్యో రోజు భోజనాలు ముగియగానే ముసలాయన ఒంటిచేత్తో దాన్ని పూడ్చేశాడు. ఊళ్లో ఒక్కరూ వద్దనలేదు. ఎలా అంటారు పాపం!

"చౌడు సంగతి నాకే చెప్తావా? మట్టి నాలిక మీద వేసుకుంటే చాలు, ఎన్ని తడులు కావాలో చెప్పేస్తాను. నువ్వు నీ సిమెంటు చూసుకో. నేల నాది."

"నీ పొలం, నా కట్టడం అని నేలకి తేడా తెలీదు నాన్నా! ఇటు రా."

చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. మనవడు పడుకున్న తొట్టి పక్కన గోడ అడుగంతా తెల్లగా పొంగి ఉంది. గోరు తగిలితే మట్టి రాలుతోంది. చిటికెడు గీకి ఆయన అరచేతిలో వేసింది.

"రుచి చూడు."

నాలిక మీద వేసుకున్నాడు. "మన పత్తిచేలో చౌడే" అన్నాడు. ఇంకెవరూ పడకూడదనే కదా ఆ కాలువ పూడ్చాడు! అక్కడ ఆగిన ఉప్పే ఇప్పుడు పసివాడి తలాపుకి పాకింది. తొట్టిని గోడకు దూరంగా జరిపి, దానిమీదే తల ఆనించి ఏడ్చాడు.

"ఆ గొయ్యి మళ్లీ చూడలేనమ్మా."

"గొయ్యి ఉండదు నాన్నా. అడుగున చిల్లుల గొట్టం వేసి, గులకరాళ్లు పోసి, పైన మట్టి కప్పేస్తాం. నీళ్లు లోలోపలే పోతాయి. ఎవరూ పడరు. పైన నువ్వు విత్తనాలు కూడా వేసుకోవచ్చు."

"మరి ఇన్నేళ్లూ చెప్పలేదేమే?"

"ఊసెత్తనిచ్చావా?"

మత్యోకూబ్ పార తీసుకున్నాడు. తూము వైపు వెళ్లలేదు. ఇంటి వెనక్కి వచ్చి పూడ్చినచోట పార ఆనించాడు.

"మీ అమ్మ పడ్డది ఇక్కడే. మొదటి పార నేను వేస్తా. గొట్టం నువ్వు వెయ్యి."

చనిపోయిన తల్లి రబ్బరు బూట్లు తొడుక్కుని ఇంతిజార్ వచ్చి ఆయన పక్కన నిలబడింది.