కేబుల్ పీకిన ఉదయం

ఎనిమిది కాకుండానే ముందుగది ఉడికిపోతోంది. స్టూలు మీద కూర్చుని ఆల్చిప్పలు ఒలుస్తున్న ఛియు-లాన్ చేతిలో కత్తి ఆపి కూతురి బల్ల వైపు చూసింది. బల్ల మీద సన్నటి ల్యాప్‌టాప్, పక్కన చెప్పుల డబ్బా అంత నల్లటి పెట్టె, రెంటినీ కలుపుతూ ఒక పొట్టి కేబుల్. పెట్టెలో గ్రాఫిక్స్ కార్డు ఉందట. దాని ఫ్యాను నిన్నటి నుంచీ హోరెత్తుతూనే ఉంది.

“ఈ వేడి సముద్రం మీంచి వస్తోందా, నీ పెట్టెలోంచి వస్తోందా?” అంది.

“రెండింట్లోంచీ,” అంది జు-యిన్ కళ్ళు నులుముకుంటూ. “పన్నెండింటికి ఇది పూర్తిచేసి పంపించెయ్యాలమ్మా. అందాకా ఓర్చుకో.”

“ముప్ఫయ్యేళ్ళు వచ్చాయి. ఇంకా కుర్రకుంకలు ఆటలాడుకునే సామానేనా?”

“ఆట కాదు. బొమ్మల సినిమా. ల్యాప్‌టాప్ ఒక్కటే ఆ పని లాగలేదు, ఆ కార్డు తోడు కావాలి.” జు-యిన్ లేచి సంచీ తీసుకుంది. “నీ మాత్రలు అయిపోయాయి, తెచ్చేస్తాను. పెట్టె మాత్రం ముట్టుకోకు.”

ఛియు-లాన్ ఇంకో చిప్ప తీసుకుంది. తమ ఊళ్ళో, ఈ బుదాయ్ రేవులో, అందరి పిల్లలూ ఏదో ఒక ఉద్యోగంలో ఉన్నారు. తన కూతురు తైపేలో పని వదిలేసి వచ్చి ఇంట్లో కూర్చుంది. తను తుంటి విరిగి ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో కూడా వరండాలో ఆ ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకునే ఉండేది. “పనీపాటా లేదు దీనికి,” అని పక్కమంచం ఆవిడతో తనే అనేసింది.

జు-యిన్ అటు వెళ్ళగానే ఆడపడుచు గ్వే-ఇంగ్ వచ్చింది. వెంట మత్స్యకారుల సంఘం కార్యదర్శి భార్య. సంఘం ఆఫీసులో ఒక గుమాస్తా పోస్టు ఖాళీ ఉంది, ఆవిడ చెవిన వేస్తే అది కూతురికి దొరుకుతుందని ఛియు-లాన్ నెల్నాళ్ళుగా వదినను బతిమాలుతోంది.

వచ్చినావిడ విసనకర్రతో విసురుకుంటూ కూర్చుంది. ఏం మాట్లాడినా ఫ్యాను హోరులో కలిసిపోతోంది. ఏసీ వేద్దామంటే, అదీ ఈ పెట్టే కలిసి నడిస్తే ఫ్యూజు ఎగిరిపోతుంది. ఛియు-లాన్‌కి తల కొట్టేసినట్టయింది. కర్ర ఊతంగా లేచి, బల్ల దగ్గరికి వెళ్ళి, కేబుల్ పీకేసింది. పెట్టె స్విచ్చి కూడా ఆపి ఏసీ వేసింది.

గది చల్లబడింది. మాటలు బాగానే సాగాయి. ఆవిడ టీ తాగి, “చూద్దాంలెండి” అని వెళ్ళిపోయింది. గ్వే-ఇంగ్ ఉండిపోయింది.

జు-యిన్ గుమ్మంలోనే ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంతోనే ఆమెకి అర్థమైపోయింది. కేబుల్ మళ్ళీ పెట్టింది. బిగుసుకుపోయిన తెర ఎంతకీ కదల్లేదు. ఆపి, మళ్ళీ తెరిచి, నానా తంటాలూ పడితే చాలాసేపటికి కార్డు పలికింది. అప్పటికి మిగతా పని పూర్తయ్యే వ్యవధి లేదు.

“ముట్టుకోవద్దన్నాను కదమ్మా.”

“ఇంటికొచ్చిన మనిషి చెమటలు కక్కుతుంటే ఊరుకోమంటావా? నీ కోసమేగా వాళ్ళ కాళ్ళు పట్టుకుంటున్నది.”

“నేనడిగానా?”

“అడగవు. ఎలా బతుకుతావో నేనే ఆలోచించాలి.”

జు-యిన్ మాత్రల పొట్లం బల్ల మీద పెట్టి, పెరట్లోకి వెళ్ళి గోడకి ఆనుకుని నిలబడింది. భుజాలు కదులుతున్నాయి.

గ్వే-ఇంగ్ టీ కప్పు కింద పెట్టేసింది. “ఇవాళా పంపాల్సింది? ఎంత పని చేశావు మరదలా.”

“ఏమైంది వదినా?”

“తైపేలో బొమ్మల సినిమాలు తీసే స్టూడియో వాళ్ళు పోయినేడే దీన్ని ఉద్యోగానికి రమ్మన్నారు. నువ్వు పడ్డావని వెళ్ళలేదు. ఇంటి నుంచే చేస్తానని వాళ్ళని ఒప్పించింది. చేసి చూపించమని గడువు పెట్టారు. పెద్ద కంప్యూటరైతే ఆసుపత్రికి మోసుకురాలేదు కదా, అందుకే ఈ ఏర్పాటు. నీ దగ్గరున్నంతసేపూ ల్యాప్‌టాప్‌లో గీసుకునేది, ఇంటికొచ్చి పెట్టెకి తగిలించేది.”

“నాకెందుకు చెప్పలేదు?”

“చెప్తే వెళ్ళిపొమ్మంటావని. నన్నూ నోరెత్తొద్దంది.”

పన్నెండు దాటింది. సాయంత్రం ఫోను మోగింది. వేరొకరిని తీసుకున్నామని స్టూడియో వాళ్ళు మర్యాదగానే చెప్పారు. జు-యిన్ కూడా మర్యాదగానే సరేనంది.

ఛియు-లాన్ కర్ర పట్టుకుని కూతురి పక్కన స్టూలు వేసుకుంది. “తప్పు నాదే,” అంది. ఆ మాట ఆమె నోట జు-యిన్ పుట్టి ఎరగదు. “అయినంతవరకు చూపిస్తావా?”

జు-యిన్ మీట నొక్కింది. తెర మీద తెల్లవారుతున్న సముద్రం. నీటి మీద వెలుగు నిజంగా వణుకుతోంది. దూరంగా ఒక వెదురు తెప్ప ఒడ్డుకేసి వస్తోంది. దాని మీద మనిషి నీడలా ఉన్నాడు. దగ్గరికి, ఇంకా దగ్గరికి. ముఖం తెలిసేలోగా తెర నల్లబడింది.

“ఆగిందేం?”

“నువ్వు పీకింది అక్కడేనమ్మా.”

ఛియు-లాన్ తెర వైపు వంగింది. “తెప్ప మీద ఎవరు?”

“నాన్న,” అంది జు-యిన్. “నా చిన్నప్పుడు ఆ తుఫానులో వెళ్ళినవాడు తిరిగి రాలేదు కదా. ఇందులో వస్తాడు.”

ఛియు-లాన్ రుమాలు వెతుక్కోలేదు. చిప్పలు ఒలిచి మొరటుబారిన చేత్తోనే కళ్ళు తుడుచుకుంది. “మిగతాది చెయ్యి. ఎంత వేడెక్కినా ఇక్కడే కూర్చుంటాను.”

“ఇవాళ నావల్ల కాదమ్మా.”

“ఇవాళ వద్దులే,” అంది ఛియు-లాన్.

జు-యిన్ తల తల్లి భుజం మీద వాల్చింది. నల్లటి తెర ముందు ఇద్దరూ అలాగే కూర్చుండిపోయారు.