ల్యాబు బల్ల మీది ఎరుపు

ఇటిక్యాల దిక్కు ఒక బడి ఉంది. అందులో చివరి గది కెమిస్ట్రీ ల్యాబు. పొద్దుగూకితే అటువైపు ఎవరూ పోరు. ఎప్పుడో ఎవరో ఆసిడు మీద పడి అక్కడే చచ్చిపోయారంటారు. ఎవరని అడిగితే మాత్రం ఒక్కరికీ తెల్వదు.

మా వాడ జమ్ములమ్మ చెప్పిన సంగతి ఇది. మొగుడు పోయినంక ఆమెకు ఆ బడిలో ఊడ్చే పని దొరికింది. ఆ జీతంతోనే పొయ్యి వెలిగేది. ల్యాబులో అటెండరు ఆమె సొంత తమ్ముడే, నవీన్.

ఆమెకు ల్యాబు వంతు వచ్చిన రోజు నవీన్ ఒక తెల్లగుడ్డ తెచ్చి ఇచ్చాడు. దర్గాలో చదివించి తెచ్చానని, దీనితోనే తుడిస్తే ఏదీ జోలికి రాదని చెప్పాడట.

ఆ సాయంత్రం గదిలో ఒక్కతే... బల్ల మీద నీళ్లు ఒలికి ఉన్నాయి. వేలు పెట్టింది — మంచు.

మార్చి ఎండలకు కాగిన గదిలో అంత చల్లటి నీళ్లెక్కడివి?

గుడ్డ వేసి తుడిచింది.

గుడ్డ ఎర్రబడింది. చూస్తుండగానే... తడి తాకిన ప్రతిచోటా. బల్ల ఎరుపు. వేళ్లు ఎరుపు.

గుడ్డ చేతిలో ఉండగానే తమ్ముడింటికి ఉరికింది. మరదలు స్వరూప తలుపు తీసింది. ఆ చేతులు చూసి కూడా ఏమైందని అడగలేదు. మెల్లగా అన్నది —

"ఆ పని ఇడిసిపెట్టు వదినా. రేపటి సంది నీ బదులు నేను పోత."

మూడు రోజులు జ్వరం. నాలుగోనాడు జమ్ములమ్మ ఆ గుడ్డ తెచ్చి నా ముందు పడేసింది. నేను గద్వాలలో నలభై ఏండ్లు నూలుకు రంగు వేసినవాణ్ణి. నెత్తురైతే ఈపాటికి నల్లబడాలి. ఇది ఎర్రగానే ఉంది.

మేమూ నూలుకు గిట్లనే ఎరుపు ఎక్కించేవాళ్లం. నూలును నాఫ్తాలు అనే మందు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడితే తెల్లగానే కనబడుతుంది. మంచుగడ్డలేసి కలిపిన ఇంకో మందునీళ్లు తగిలితే చాలు — ఎరుపు దూకుతుంది. ల్యాబులో పిల్లలకు చేసి చూపించే రంగూ ఇదే.

"దెయ్యం లేదు బిడ్డా. ఇది రంగు. సగం గుడ్డలో, సగం ఆ నీళ్లలో ఉన్నది."

జమ్ములమ్మ ఆ గుడ్డను మడిచి ఒళ్లో పెట్టుకుంది.

"కాళ్లు మొక్కి ఇచ్చిండు తాతా..."

మర్నాడే పనిలోకి పోయింది. ఎవరికీ ఏమీ చెప్పలేదు. చీపురు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు; పొద్దుగూకినా ఆ గది ఒక్కతే ఊడుస్తుంది.

ఇప్పుడు పొద్దుగూకినంక ఆ గదిలో ఆడమనిషి ఏడుపు వినబడుతుందని ఊళ్లో కొత్తగా చెప్పుకుంటున్నారు.

ఆ మాట మాత్రం అబద్ధం కాదు.