అరకులో పద్నాలుగు డిగ్రీలు

“ఈరోజు ఎంత?”

“పద్నాలుగు.”

“నిజంగా?”

“బోర్డు మీద నేనే రాసేను కదా సుజీ. కావాలంటే ఫ్యానేసుకోవచ్చు.”

“మరి పళ్ళెందుకు టకటకలాడతన్నాయి?”

అవతల అరుణ్ కుమార్ పళ్ళ చప్పుడు ఇంకా వినిపిస్తూనే ఉంది. అనకాపల్లి మెయిన్ రోడ్డులో తను పనిచేసే జిరాక్స్ షాపు గుమ్మంలో నిలబడి, సెల్‌ఫోన్ చెవికి ఆనించుకుని సుజి నవ్వబోయింది. నవ్వు రాలేదు.

“సెప్పు. ఎంత?”

“ఆరు.”

“రోజూ ఇలాగే కలిపి సెప్పేవా?”

“నవంబర్ నుంచి. నిజం సెప్తే నువ్వు రావని బయ్యమేసింది.”

సుజి ఫోన్ పెట్టేసింది. బయట 2006 డిసెంబరు ముసురు పడుతోంది.

అరుణ్‌ది కోటవురట్ల. అరకులో ఒక రిసార్టు రిసెప్షన్‌లో ఉద్యోగం. పొద్దున్నే ఉష్ణోగ్రత చూసి బోర్డు మీద పెద్దంకెల్లో రాయడం కూడా అతని పనే. అంకె ఎంత తగ్గితే టూరిస్టులకి అంత సంబరం. సుజికి మాత్రం చలి తగిలితే పిల్లికూతలు మొదలవుతాయి. తల్లి పుష్పకుమారి ఆ ఆయాసంతోనే పోయింది. అందుకే తండ్రి రత్నరాజు ఈ పెళ్ళికి ససేమిరా అంటున్నాడు. మాడుగుల మీదుగా అరకు వెళ్ళే బస్సుకి ఆయనే డ్రైవరు. అక్కడి చలి గురించి ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు.

ఆదివారం అరుణ్ ఆ బస్సులోనే దిగి వచ్చాడు. డ్రైవరు వెనక సీట్లోనే కూర్చున్నాడు. ఘాట్‌రోడ్డంతా ఇద్దరి మధ్యా ఒక్క మాట లేదు.

అంకెల సంగతి సుజి ముందే తండ్రికి చెప్పేసింది. ఇంటికొచ్చాక రత్నరాజే మొదలుపెట్టాడు. “ఆరుని పద్నాలుగు సేసినోడికి నా కూతుర్ని ఎలా ఇత్తానయ్యా?”

“తప్పే అంకుల్. జాబ్ మానేసి ఇక్కడికే వచ్చేత్తాను.”

“వచ్చి?” అంది సుజి. “మళ్ళీ బెల్లం మార్కెట్లో కాటా దగ్గర కూకుంటావా? అప్పుడు నీ మొహం ఎలాగుండేదో సూసేను. వద్దు.”

“నువ్వు రాలేవు, నేను రాకూడదు. మరేటి సెయ్యమంటావు?”

జవాబు చెప్పబోయిన సుజికి దగ్గు వచ్చింది. దగ్గు ఆగి పిల్లికూతలు మొదలయ్యాయి. రత్నరాజు ఇన్‌హేలర్ కోసం లోపలి గదిలోకి పరుగెత్తాడు. తిరిగి వచ్చేసరికి సుజి చేతిలో ఒకటి ఉంది. అరుణ్ ఆమె వీపు మీద చెయ్యేసి నిలబడ్డాడు.

“ఇదెక్కడిది?”

“నాదే అంకుల్. జేబులో ఒకటి, రూములో ఒకటి ఉంచుతాను. ఎప్పుడైనా వత్తాదేమోనని.”

రత్నరాజు తను తెచ్చిన ఇన్‌హేలర్‌ని బల్ల మీద పెట్టాడు. ఆ తర్వాత కుర్చీ లాక్కుని అరుణ్ ఎదురుగా కూర్చున్నాడు.

“ఏప్రిల్లో ఎంతుంటాది? ఈసారి సరిగ్గా సెప్పు.”

“పగలు ముప్పై మూడు. రాత్రి ఇరవై.”

“వర్షాల్లో?”

“రాత్రి ఇరవైకి తగ్గదు. తడి మాత్రం ఎక్కువ.”

“దసరాకి?”

అరుణ్ కొంచెం తటపటాయించాడు. “పదహారు. అక్కణ్ణించి పడిపోతాది.”

“అయితే సుజి ఈస్టర్ తర్వాత అరకు ఎక్కుతాది. దసరాకి దిగిపోవాలి. ఒక్క రోజు ఆలస్యమైనా నేనే వచ్చి బస్సెక్కించుకుని తెచ్చేత్తాను.”

పెళ్ళికి ఒప్పుకున్నట్టేనని అర్థం కావడానికి ఇద్దరికీ కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక కూడా సంతోషం నిండుగా రాలేదు. రిసార్టుకి చలికాలమే సీజన్. క్రిస్మస్‌కి కూడా అరుణ్‌కి సెలవు దొరకదు.

“సగం కాపురం నాన్నా ఇది,” అంది సుజి. ఆమె గొంతు ఇంకా కూత పెడుతూనే ఉంది.

“మీ యమ్మ ఏడాదిలో సగమైనా నా దగ్గరుంటే సాలని మొక్కుకున్నానమ్మా. అదీ దక్కలేదు.”

సుజి ఏడ్చింది. అరుణ్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. తండ్రి ముందు పట్టుకోవడం అదే మొదటిసారి, రత్నరాజు చూడనట్టు కిటికీ వైపు తిరిగాడు.

కళ్ళు తుడుచుకుని సుజి అంది, “పెళ్ళి ఈస్టర్ మర్నాడే పెట్టించు నాన్నా. నాకొచ్చిన సగంలో ఒక్క రోజు కూడా వదులుకోను.”