అబ్రహాం గారి తోట ద్రాక్షారసం

1946 ఫిబ్రవరిలో ఒక ఆదివారం, ఆరాధన ముగిసిన పిమ్మట, బొలారం దగ్గరి మా చర్చి వెనుక గదిలో సమావేశమైనవారు, కూర్చున్న వరుసలో: అధ్యక్ష స్థానంలో అయ్యగారు, అనగా మా పాదిరి; ఆయన కుడివైపున షామీర్‌పేట ద్రాక్షతోట యజమాని అబ్రహాం గారు; ఆ పక్కన వారి తల్లి మరియమ్మ గారు; అందరికన్నా చివర, నోటుబుక్కుతో, నేను. తలుపుకు ఆనుకొని నిలబడినది అబ్రహాం గారి కూతురు రాహేలు. ఆమెను ఎవరూ పిలవలేదు. ఎక్కువగా మాట్లాడినది మాత్రం ఆమే.

విషయమిది. ప్రభువు బల్లకు, అనగా చర్చిలో రొట్టెతో పాటు పంచే సంస్కారానికి, ద్రాక్షారసం ఆ తోట నుంచే వచ్చేది. మూడేళ్లుగా అది జాడీలోనే పాడైపోతోంది. ఈ ఏడు కూడా పాడైతే తీగలు పెరికించి వంకాయ పెట్టిస్తానని అబ్రహాం గారు ప్రకటించారు. పదేళ్లుగా ఆ తీగలకు నీళ్లు పెట్టి, పందిరి కట్టి పెంచినది రాహేలు. అందువల్ల, మద్రాసులో రసాయన శాస్త్రం చదివి, బొంబాయి వైపు రెండు తోటలకు సలహాదారుగా పనిచేసి వచ్చిన సాలోమోను అనే నన్ను పిలిపించారు.

రాహేలు ఒక గ్లాసు తెచ్చి నా ముందు పెట్టింది.

"ఏందో చెప్పుండ్రి సారు."

రుచి చూశాను. "ఇది ద్రాక్షారసం కాదు, పులిసిపోయిన సిర్కా," అన్నాను గంభీరంగా.

"గది చెప్పెతందుకు మద్రాసు దాంక పోవాల్నా? మా అవ్వకు మూత తీస్తెనే ఎర్కైతది."

మరియమ్మ గారు నవ్వు దాచుకోలేదు. అయ్యగారు దగ్గారు. నేను నోటుబుక్కులో తేదీ వేశాను.

నా పద్ధతి నెమ్మదైనది. తోటను పూర్తిగా గమనించక మునుపు సలహా ఇవ్వరాదని నా నియమం. ప్రతి ఉదయం వరుస వరుసకూ ఎండవైపు ఒక పండు, నీడవైపు ఒక పండు తిని, గింజ నమిలి, దాని వగరు ఎంతో రాసుకునేవాణ్ణి. జాడీలు ఎవరు కడుగుతారు, ఏ నీటితో కడుగుతారు, ఎంతసేపు ఎండబెడతారు అని అడిగేవాణ్ణి.

"రెండు వారాలు గడిచె. తినుడు తప్ప ఏమన్న చెప్తున్నరా?" అంది రాహేలు. "గింజలు గూడ ఇడుస్తలేరు. మా మేక నయం."

"పరిశీలన సంపూర్ణం కానిదే అభిప్రాయం వెలిబుచ్చడం సమంజసం కాదు."

"ఇంట్ల గూడ గిట్లనే మాట్లాడ్తరా? అన్నం అడిగెతందుకే పొద్దు గూకుతది గావచ్చు."

మూడో వారం నాకొక సంగతి వింతగా తోచింది. గుట్టవాలున ఉన్న పై వరుసల పండు తేనెలా ఉండగా, జాడీల్లో మిగిలిన నిరుటి రసం ఎందుకింత పేలవం?

"పై వరుసల పండు ఏ జాడీలో పోస్తారు?" అని అడిగాను.

"జాడీల పొయ్యం సారు. గవి దేవునియి."

అప్పుడు అర్థమైంది. మార్చి మొదటి వారంలో చర్చిలో కోత పండుగ. ప్రథమ ఫలాలంటూ ఒకప్పుడు రెండు గంపలే ఇచ్చేవారు; మూడేళ్లుగా మేలైన గుత్తులన్నీ కోసి పన్నెండు గంపల్లో పెట్టి సమర్పిస్తున్నారు. మిగిలిన నీడపండుకు బెల్లం కలిపి ద్రాక్షారసం చేసేవారు; పండులో తీపి చాలక అది పులిసిపోయేది.

నేను ఆ మధ్యాహ్నమే, భోజనాల దగ్గర, అబ్రహాం గారితో ఇలా అన్నాను: "అంటే ప్రభువు బల్ల మీదికి మీరు మిగిలినదే పంపుతున్నారు."

ఆయన ముద్ద కంచంలో పెట్టేశారు. "మా నాయిన కాలం సంది తొలి పండు గంపల పెట్టి ఇస్తున్నం. దేవునికి ఏం ఇయ్యాల్నో నువ్వు చెప్తవా? రేపటి సంది తోటకు రాకు."

నేను బయటికి నడుస్తుండగా రాహేలు దడి దాకా వెంట వచ్చింది.

"నిజమే చెప్పినరు. గని అన్నం తింటుంటె చెప్తరా ఎవలన్న?"

"నిజానికి వేళ లేదు."

"ఎందుకుండది? పండుకు ఉంటది గదా." ఆమె గుట్టవాలు వైపు చూసింది. "గా పై వరుసలు ఇంక ఎన్ని దినాలు ఆగాలె?"

"రసం నిలవాలంటే పండు ఇంకా పక్వం కావాలి. కోత పండుగ దాటి ఇరవై రోజులు."

"ఇగ మీరు నోరు మూసుకొని ఉండుండ్రి. మిగిలింది నేను చూస్త."

కోత పండుగ నాడు అబ్రహాం గారు తెల్లవారకముందే తోరణాలు కట్టించడానికి చర్చికి వెళ్లారు. గంపలు వెనుక బండిలో రావాలి. కౌకూర్ వారు జొన్నకంకులు పెట్టారు. యాప్రాల్ వారు గుమ్మడికాయలు పెట్టారు. షామీర్‌పేట పేరు పిలిచారు.

రాహేలు చంకన ఒక ఖాళీ జాడీతో నడిచి వచ్చి, దానిని బల్ల ముందు దించింది. బండ మీద బోలుగా మోగింది.

"అయ్యగారూ, మా తొలి పండు ఇంక తీగ మీదనే ఉన్నది. దాని జాగల ఇది. ఈస్టరుకు నిండి వస్తది."

అబ్రహాం గారు లేచి నిలబడ్డారు. ఆడవారి వైపు నుంచి మరియమ్మ గారి గొంతు వినిపించింది.

"కూసో కొడుకా. మీ నాయిన ఉన్నా గిదే అంటుండె."

ఆయన కూర్చున్నారు. బయట మెట్ల మీద మాత్రం నన్ను ఆపారు.

"తోటకు రా, పని జూడు. ఈస్టరు నాడు గది సిర్కా అయిందనుకో, తీగలు పెరుకుడే. నువ్వు గూడ మళ్ల నా కండ్లకు కనబడొద్దు."

అప్పటికి నాకు తోటకన్నా రెండవ షరతే ఎక్కువ భయం కలిగించిందని ఒప్పుకొనుట ధర్మం.

పై వరుసల కోతకు ముందు రోజు ఆకాశం నల్లబడింది. వాన పడితే పండు పగులుతుంది. నేను పరేషాన్ అయి పందిరి కింద అటూ ఇటూ తిరిగాను.

"మబ్బుకు గూడ ఒక సలహా చెప్పరాదుండ్రి," అంది ఆమె. నాలుగు చినుకులు మా ఇద్దరి మీదా పడి, మబ్బు మేడ్చల్ వైపు తరలిపోయింది. ఆమె కనుబొమ్మ మీద ఒక చినుకు నిలిచింది. దాన్ని గురించి నోటుబుక్కులో ఏమీ రాయలేదు.

ఈస్టరు ఉదయం, అదే వెనుక గదిలో, అబ్రహాం గారు గ్లాసు ఎత్తి తాగారు. మీసం తుడుచుకున్నారు. మళ్లీ తాగారు.

"తీగలు ఉండనీ," అన్నారు. గ్లాసు దించి, "సారు గూడ ఉండనీ."

రాహేలు బావి దగ్గర గ్లాసులు కడుగుతోంది.

"తోట గురించి గంత రాసినరు. నా గురించి ఏం రాసినరు?"

"రెండు నెలలకు పైగా గమనించాను," అన్నాను. "మార్చవలసినది ఏదీ కనబడలేదు. సలహా ఏమీ లేదు. వినతి ఒకటున్నది."

ఆమె చేతిలోని గ్లాసు తళతళలాడుతున్నా మళ్లీ కడగసాగింది.

"మస్తు లేటు జేసినరు," అంది తలెత్తకుండా. "ఇగ మా నాయినకు జల్దీ చెప్పుండ్రి. అన్నం తిన్నంక చెప్పుండ్రి, ముంగట గాదు."

అన్నం తిన్నాకే చెప్పాను. ఆశీర్వదించారు.

ఆ తోట బాగుపడినది నా సలహా వల్లనేనని నేటికీ కొందరు అంటుంటారు. అది వాస్తవం కాదు. నేను కారణం చెప్పి పనంతా చెడగొట్టాను. కన్నతండ్రి ఎదుట, నిండు సంఘం ఎదుట, ఖాళీ జాడీతో ఒంటరిగా నడిచి ఆ తీగలను నిలబెట్టినది శ్రీమతి రాహేలు గారు. ఈ సంగతిని ఆమె భర్తగా, సగౌరవంగా, నా సంతకంతో ఇందుమూలముగా నమోదు చేయుచున్నాను.